డెల్టాలో ఉంటూ ట్రయాథ్లాన్‌కి సైకిల్ సిద్ధం చేసుకోవడం ఎలా? రావులపాలెం సైకిల్ షాపు నుంచి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదండి. ఉండేది అమలాపురం. గోవాలో జరిగే హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే ట్రయాథ్లాన్ పోటీ) పేరు ఇచ్చారు. సెకండ్ హ్యాండ్‌లో ఒక రోడ్ బైక్ కొన్నారు. గేర్ల సైకిల్ చూసే షాపు దగ్గర్లో దొరకలేదు. ప్రతి సర్వీసుకీ హైదరాబాద్ తీసుకెళ్ళాలా, ఏరో బార్లు (మోచేతులు ఆనించి ముందుకి వాలి తొక్కడానికి హ్యాండిల్‌కి బిగించేవి) ఇప్పుడే వేయించాలా, ఇంకా ఏమేం చూసుకోవాలి అని.

హైదరాబాద్ అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో, దానికి బదులు ఎక్కడికి వెళ్ళాలో వివరంగా చెబుతాను.

నాది రావులపాలెంలో సైకిల్ షాపు. నాన్న పెట్టింది. ఆయన హయాంలో గంటల లెక్కన అద్దె సైకిళ్ళు ఇచ్చేవాళ్ళం, ఓవరాయిలింగులు చేసేవాళ్ళం. ఇప్పుడు అమ్ముడుపోయేవి ఎక్కువగా పిల్లల సైకిళ్ళే. గేర్ల సైకిళ్ళ పని నేను ట్రయాథ్లాన్లలోకి దిగాక అవసరం కొద్దీ నేర్చుకున్నాను. ఇప్పటికి నాలుగు హాఫ్‌లు పూర్తిచేశాను. ఒకటి మధ్యలో ఆగిపోయింది. ముందు దాని గురించే చెప్పాలి, ఎందుకంటే మీకు రాబోయే ఇబ్బంది కూడా అక్కడే ఉంది.

అది నా రెండో రేసు. ఈత బాగానే అయింది. సైకిల్ మీద ముప్పై కిలోమీటర్లు దాటాక నిటారుగా ఒక ఎత్తు వచ్చింది. ఎక్కడానికి వెనక ఉన్న అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదికి గేరు వేశాను. వేసిన మరుక్షణం డిరెయిలర్, అంటే చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం, వెళ్ళి స్పోకుల్లో ఇరుక్కుంది. మూడు స్పోకులు తెగాయి, డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, హ్యాంగర్ అంటారు, అది విరిగిపోయింది, చక్రం తిరగడం మానేసింది. ఆరు నెలల ప్రాక్టీసు రోడ్డు పక్కన ఆగిపోయింది. తర్వాత విప్పి చూస్తే అర్థమైంది, హ్యాంగర్ అంతకుముందే లోపలికి వంగి ఉంది. రైల్లో వంగిందో, అంతకన్నా ముందే ఎప్పుడైనా బండి కింద పడినప్పుడు వంగిందో చెప్పలేను. నాకు అది తెలియకపోవడానికి కారణం మాత్రం ఒకటే. ఆ పెద్ద చక్రం మీదికి నేను అప్పటిదాకా ఎప్పుడూ గేరు వేయలేదు. అమలాపురం వెళ్ళొచ్చినా, యానాం దాకా తొక్కినా, నరసాపురం వెళ్ళినా మధ్యలో ఉన్న మూడు నాలుగు గేర్లు తప్ప మిగతావాటితో పని పడదు.

మన నేల బల్లపరుపు. అందుకే బండిలో ఉన్న లోపాలు ఇక్కడ బయటపడవు. గేర్ల సంగతి ఒక్కటే కాదు. బ్రేకులు చూడండి, మనం గట్టిగా పట్టేది లాకుల దగ్గర మలుపుల్లోనో, గేదెలు అడ్డొచ్చినప్పుడో. పది నిమిషాలపాటు పల్లంలోకి దిగుతూ బ్రేకులు వాడాల్సిన అవసరం మనకి రాదు. ప్యాడ్లు అరిగిపోయినా, డిస్క్ మీద నూనె చేరినా తెలియదు. మన ఒంటి విషయమూ అంతే. కొండ రోడ్డు మీద ఎక్కేటప్పుడు లేచి నిలబడతారు, దిగేటప్పుడు తొక్కడం ఆపుతారు, నడుముకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది. మనం రెండు గంటలు తొక్కితే రెండు గంటలూ సీటు మీదే, కాళ్ళు ఆగకుండా తొక్కుతూనే. డెల్టా వాళ్ళకి సీటు దగ్గర ఒరుసుకుపోవడం ఎక్కువ అవడానికి కారణం అదే అని నా నమ్మకం. పావుగంటకి ఒకసారి ఇరవై సెకన్లు లేచి నిలబడి తొక్కడం అలవాటు చేసుకోండి.

గోవా మన డెల్టాలాంటి నేల కాదు. కాబట్టి రేసుకి కనీసం నెల ముందు ఒకసారి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళండి. కారులో బండి వేసుకుని వెళ్ళి, మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు ఉన్న ఘాట్ రోడ్డులో తొక్కండి. పొద్దున్నే మొదలుపెట్టండి, ఒంటరిగా వెళ్ళకండి, వాన పడుతుంటే దిగువకి తొక్కకండి. అక్కడ ప్రతి గేరూ వేసి చూడండి, ముఖ్యంగా అన్నిటికన్నా తేలికైనది. దిగేటప్పుడు ముందు బ్రేకు, వెనక బ్రేకు మార్చి మార్చి పట్టి చూడండి. హైదరాబాద్ ప్రయాణానికి పెట్టే ఖర్చు ఇక్కడ పెడితే మీ బండి గురించి ఎక్కువ తెలుస్తుంది. సిద్ధాంతం వంతెన, గౌతమి వంతెన ఎక్కి దిగడం కాళ్ళకి కొంత పనిచేస్తుంది గానీ ఈ పరీక్షకి చాలదు.

అక్కడికి వెళ్ళేముందు ఇంట్లోనే ఒక పని చేయండి. బండి వెనక రెండడుగుల దూరంలో కూర్చుని డిరెయిలర్‌ని చూడండి. దానికి ఉన్న రెండు చిన్న చక్రాలు, పైనున్న పళ్ళచక్రం ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది భాగం స్పోకుల వైపు వాలి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. చేత్తో వంచి సరిచేయకండి, దానికి గేజి ఉంటుంది. హ్యాంగర్ సరిగ్గా ఉన్నా డిరెయిలర్ స్పోకులకి మరీ దగ్గరగా వస్తోందనిపిస్తే దాని మీద ‘ఎల్’ అని గుర్తున్న స్క్రూని కుడివైపుకి పావు తిప్పు బిగించి మళ్ళీ చూడండి. ఆ స్క్రూ డిరెయిలర్‌ని లోపలికి అంతకుమించి వెళ్ళనివ్వదు. ఒక స్పేర్ హ్యాంగర్ తప్పకుండా కొని పెట్టుకోండి. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారంలో ఉంటుంది, పక్కవాళ్ళది సరిపోదు. సెకండ్ హ్యాండ్ బండి అన్నారు కాబట్టి ఈ పని ఈ వారమే చేయండి.

ఇక షాపు సంగతి. మన ఊళ్ళలో సైకిల్ మేస్త్రిని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. అది నాకు బాధ కలిగిస్తుంది. రిమ్ము బెండు తీయడంలో నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు అంబాజీపేట, రాజోలు, పాలకొల్లు లాంటి ఊళ్ళలో ఇంకా ఉన్నారు. స్టాండు అక్కర్లేకుండా చక్రం తిప్పి, బొటనవేలు ఆనించి, ఏ స్పోకు లాగుతోందో చెప్పేస్తారు. స్పోకు బిగింపు, బాల్స్, కోన్ ఉన్న హబ్బుకి గ్రీజు, పంక్చరు, ఇవన్నీ వాళ్ళ చేతికి ధైర్యంగా ఇవ్వండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని వాళ్ళకి మీరు చెప్పనక్కర్లేదు, మామూలు సైకిల్‌కి కూడా అంతే.

ఇవ్వకూడనివి రెండు. కార్బన్ భాగాలు బిగించే పని, హైడ్రాలిక్ బ్రేకు పని. ఇనప సైకిల్ మీద పెరిగిన చెయ్యి ‘ఇంకొంచెం గట్టిగా’ అనే బిగిస్తుంది. కార్బన్ సీటు గొట్టం క్లాంపుకి మామూలుగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి, ఎంతో దాని మీదే రాసి ఉంటుంది. ఇది పల్లెటూరి మేస్త్రుల తప్పు అనుకోకండి. పెద్ద ఊళ్ళో, పెద్ద బోర్డున్న షాపులో నా మొదటి కార్బన్ సీటు గొట్టాన్ని టార్క్ రెంచి (ఎంత బిగుసుకుందో కొలిచి చూపించే రెంచి) లేకుండా బిగించి ఇచ్చారు. ఇంటికొచ్చాక చూస్తే క్లాంపు పక్కన వెంట్రుకంత పగులు. కాబట్టి ఎక్కడికి వెళ్ళినా రెంచి ఉందా అని అడగండి. బ్రేకు విషయానికొస్తే, షిమానో హైడ్రాలిక్ బ్రేకుల్లో మినరల్ ఆయిల్ పోయాలి. మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గర ఉండేది డాట్ ఆయిల్. మంచి మనసుతోనే అది పోస్తారు, కానీ లోపలి సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి.

ట్యూబుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ ఇరుక్కుంటారు. మీ బండి చక్రం 700సి. టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు. మన మామూలు పెద్ద సైకిల్ది 28 అంగుళాల చక్రం, దానిది 635. పేర్లు చూస్తే దాదాపు ఒకటే అనిపిస్తాయి, షాపులో కూడా ‘28 అంటే ఇదేనండి’ అని ఇచ్చేస్తారు. ఆ టైరు మీ రిమ్ము మీద వదులుగా ఆడుతుంది. ఆ ట్యూబు మరీ లావు, సన్న టైరులో మడతలు పడుతుంది. పైగా దాని వాల్వు మీ రిమ్ము రంధ్రంలో దూరదు. రోడ్ బైకులకి ఉండే సన్న వాల్వుని ప్రెస్టా అంటారు, దాని రంధ్రం 6.5 మిల్లీమీటర్లే. ఒకసారి ముమ్మిడివరం దగ్గర రెండు పంక్చర్లు పడి, ఊళ్ళో ట్యూబు కొని, ఇది నాకు అప్పుడు తెలిసింది. చివరికి ఆటోలో ఇంటికి వచ్చాను. ఇప్పుడు లాంగ్ రైడ్‌కి రెండు ట్యూబులు, రెండు టైర్ లివర్లు, పంక్చర్ ప్యాచీలు, చిన్న పంపు లేకుండా బయల్దేరను. వీటితోపాటు వేలి చివరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటుంది. ప్రెస్టా వాల్వు మీద బిగిస్తే మోటార్ సైకిళ్ళకి గాలి కొట్టే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. చాలా చవక. సీటు కింద సంచిలో పడేసి ఉంచండి.

కంప్రెసర్ దగ్గర మీరే నిలబడి ఎంత కొట్టాలో చెప్పండి. సన్న టైరు కదా అని 110, 120 కొట్టేస్తారు. అంత అవసరం లేదు. అరవై అయిదు, డెబ్బై కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో 70 నుంచి 75 పీఎస్ఐ, 25 టైరులో 80 నుంచి 85 పెడతాను. మన గతుకుల రోడ్ల మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది గానీ వేగం రాదు, చేతులు మొద్దుబారతాయి. ఫ్రేములో చోటుంటే 28 మిల్లీమీటర్లవే వేయించుకోండి.

గోవా రేసు అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది కాబట్టి మీ ప్రాక్టీసు అంతా వానాకాలంలోనే. నాట్ల రోజుల్లో కేజీ వీల్స్ ట్రాక్టర్లు చేలోంచి రోడ్డెక్కి మట్టి పరుస్తాయి. చినుకు పడితే అది సబ్బులా జారుతుంది. భీమవరం వైపు వెళ్తే చేపల లారీల నుంచి కారే నీళ్ళు మలుపుల దగ్గర అదే పని చేస్తాయి. అలాంటి చోట బ్రేకు పట్టకండి, వంగకండి, తిన్నగా పోనివ్వండి. ఏటిగట్టు రోడ్లు తెల్లవారుజామున ఎంత బాగుంటాయో మీకు తెలుసు, కానీ తుమ్మ ముళ్ళు అక్కడే. గట్టు దిగగానే ఆగి, టైరు మీద చేతి తొడుగు ఆనించి ఒక చుట్టు తిప్పండి, లోపలికి దిగకముందే ముల్లు ఊడుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఆ వారం ఏటిగట్లు, లంకల దారులు వదిలేయండి.

వానలో తడిసిన చైను ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళకి ఇంకా తొందరగా. ఇంటికి రాగానే పాత గుడ్డతో తుడిచి, సైకిల్ చైన్ ఆయిల్ ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, పొద్దున పైపైన ఉన్నదంతా మళ్ళీ తుడిచేయండి. ఇంజన్ ఆయిల్ పోయకండి, దుమ్మంతా పట్టి నల్లటి ముద్దవుతుంది. కుట్టు మిషను నూనె మొదటి వానకే కడుక్కుపోతుంది. డిస్క్ బ్రేకులైతే స్ప్రే డబ్బాలు అసలు వాడకండి, ఆ తుంపర డిస్క్ మీద పడితే బ్రేకు అరుస్తుంది, పట్టు పోతుంది.

చైను అరిగిందో లేదో తెలుసుకోవడానికి వడ్రంగి వాడే ఇనప టేపు చాలు. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 24 లింకులు కొలిస్తే కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. దానికన్నా ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగిందంటే 11, 12 స్పీడ్ బండికి (వెనక అన్ని పళ్ళచక్రాలు ఉన్నదానికి) మార్చే సమయం వచ్చినట్టే. మూడు మిల్లీమీటర్లు సాగేదాకా వదిలేస్తే వెనక పళ్ళచక్రాలు కూడా మార్చాల్సి వస్తుంది, చైను ధరకి అది ఎన్నో రెట్లు. రేసు వారంలో కొత్త చైను వేయకండి. మూడు వారాల ముందు వేసి కనీసం మూడొందల కిలోమీటర్లు తొక్కండి.

ఏరో బార్లు. వేయించండి, కానీ ఇప్పుడే కాదు. ముందు సీటు ఎత్తు కుదరాలి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకం పైకి గట్టిగా పట్టి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలవండి. ఆ కొలతని 0.883 తో గుణించండి. 80 సెంటీమీటర్లు వస్తే సుమారు 70.6. పెడల్ కాడలు రెండూ తిరిగే ఫ్రేములోని ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత ఉండాలి. ఇది మొదలుపెట్టడానికే. తర్వాత మోకాలి ముందు నొప్పి వస్తే కొంచెం ఎత్తండి, వెనక నొప్పి వస్తే కొంచెం దించండి, ఒక్కసారి మూడు నాలుగు మిల్లీమీటర్లకి మించకుండా. ఈ ఎత్తులో ఏ నొప్పీ లేకుండా మూడు గంటలు తొక్కగలిగిన రోజున ఏరో బార్ల కోసం రండి.

మనకి వాటి వల్ల నిజంగా లాభం ఉంది. బల్లపరుపు రోడ్డు మీద ముప్పై వేగంతో పోయేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వానాకాలంలో పడమటి గాలికి ఎదురుగా అమలాపురం నుంచి రాజోలు మీదుగా చించినాడ వంతెన దాకా ఒకసారి తొక్కితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. చాలా హ్యాండిల్ బార్ల మధ్య భాగం లావు 31.8 మిల్లీమీటర్లు, క్లాంపులూ ఆ సైజులోనే వస్తాయి. మీది కార్బన్ హ్యాండిల్ అయితే మాత్రం తయారీదారు అనుమతి ఉంటేనే బిగించాలి. మొదట మోచేతి ప్యాడ్లు ఎత్తుగా పెట్టుకుని నెలలో నెమ్మదిగా దించుకోండి. బార్ల మీద ఉన్నప్పుడు చేతులు బ్రేకుల దగ్గర ఉండవు. అందుకని ఊళ్ళలో, వంతెనల మీద, కాలవ గట్ల ఇరుకు రోడ్లలో వాటి మీదికి వాలకండి. తెల్లవారుజామున హైవే పక్కన వెడల్పు చోటు ఉన్నప్పుడు మాత్రమే. గుంపుగా ఒకరి వెనక ఒకరు దాక్కుని తొక్కే అలవాటు ఉంటే దాన్నీ తగ్గించుకోండి. ఆ రేసులో ముందువాడికి 12 మీటర్ల దూరం పాటించాలి, లేకపోతే పెనాల్టీ.

తిండి గురించి రెండు మాటలే. రావులపాలెం మార్కెట్ పక్కనే ఉంటాను కాబట్టి నా జేబులో ఎప్పుడూ చక్కెరకేళీలే. కొబ్బరి నీళ్ళు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మన ఉక్కలో చెమటతో పోయేది ఎక్కువగా సోడియం. 750 మిల్లీలీటర్ల సీసాలో పావు చెంచా ఉప్పు కలపండి, దాదాపు 600 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. రేసు రోజున తినబోయేదే ప్రాక్టీసులోనూ తినండి. ఈత గురించి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట. వానాకాలంలో కాలవలో, గోదాట్లో ఒంటరిగా ప్రాక్టీసు చేయకండి.

ప్రయాణానికి రాజమండ్రి మీదుగా వాస్కోడగామా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. బండిని పెట్టెలో పెట్టేటప్పుడు డిరెయిలర్‌ని హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేము లోపలి వైపు కట్టేయండి. ఈ ఒక్క పని నేను చేసి ఉంటే ఆ రెండో రేసు పూర్తయ్యేదేమో. గోవాలో దిగి బిగించాక అన్ని గేర్లూ వేసి అరగంట తొక్కండి. బండి ముందురోజే అప్పగించాల్సి వస్తుంది. ఎండలో ఉంటుంది కాబట్టి గాలి కొంచెం తగ్గించి, రేసు పొద్దున మళ్ళీ కొట్టుకోండి. స్టాండు నుంచి బండి తీసేముందే హెల్మెట్ పట్టీ పెట్టుకోవాలి, బండి మళ్ళీ స్టాండులో పెట్టాకే తీయాలి. కంగారులో చాలామంది మర్చిపోయేది ఇదే.

మా షాపు విషయాలు కూడా చెప్పేస్తాను, పనికొస్తాయి. 700సి ట్యూబులు పొడవు వాల్వుతో, పొట్టి వాల్వుతో రెండు రకాలూ ఇప్పుడు తెప్పించి ఉంచుతున్నాం. టార్క్ రెంచి, హ్యాంగర్ గేజి ఉన్నాయి. షిమానో బ్రేకులకి మినరల్ ఆయిల్ కూడా పెట్టాం. నెలలో మొదటి ఆదివారం లాంగ్ రైడ్లు అయ్యాక, పదింటికి, ట్యూబు మార్చడం, గేరు సరిచేయడం నేర్పుతున్నాను. డబ్బులు తీసుకోను, బండి మాత్రం తెచ్చుకోవాలి. కిందటిసారి తణుకు నుంచి ఇద్దరు వచ్చారు. గోవాకి వెళ్ళేవాళ్ళందరూ ఆఖరి రెండు రోజుల్లో వస్తారు, అప్పుడు ఏ భాగం కావాలన్నా తెప్పించే టైముండదు. మీరు మూడు వారాల ముందు రండి.

ఈలోగా బండి వెనక నుంచి డిరెయిలర్ కనిపించేలా ఒక ఫోటో, టైరు పక్కన రాసి ఉన్న అంకెలు, వెనక పళ్ళచక్రాలు ఎన్నో, బ్రేకులు డిస్కా రిమ్మా, ఇవి ఇక్కడ పెట్టండి. మీ ఫ్రేముకి ఏ హ్యాంగర్ పడుతుందో చూసి చెబుతాను.